భోజనాల బల్ల కింద దొరికిన ఇరవై నాలుగు గంటలు

వ్యాపారంలో మునిగినవాళ్లను చూశాను, ఎన్నికల్లో ఓడినవాళ్లను చూశాను. నాలుగు గిన్నెల తెల్లన్నం చేతిలో ఓడిపోయిన మనిషిని మాత్రం ఒక్కణ్నే చూశాను, అదీ అద్దంలో. పదకొండు మంది మనుషుల్ని, రెండు మెషిన్లను నా చేతికిచ్చి "ఇదిగో నీ టీమ్, నడిపించు" అంటే, నాలుగే రోజుల్లో నేను దాన్ని ఏ గోతిలోకి నడిపించానో ఇప్పుడు చెబుతాను. ముందే ఒప్పుకుంటున్నాను, ఇందులో తప్పు నాది. కోపం కూడా నాదే. ఐదేళ్లయినా చల్లారలేదు.

నా పేరు వెంకటరత్నం. పుట్టింది తెనాలి దగ్గర, స్థిరపడింది అమీర్‌పేటలో. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది కానీ లెక్కలు ఆగలేదు. మా ఆఫీసు మూడో అంతస్తులో ఉంది, యాభై నాలుగు మెట్లు. లిఫ్ట్ ఉంది గానీ లిఫ్ట్‌లో లెక్కపెట్టడానికి ఏముంటుంది?

కంప్యూటర్లో గడులు గీసి లెక్కలు కట్టడం నాకెవరూ నేర్పలేదు. మా పక్క గదిలో ఒక కోచింగ్ సెంటర్ ఉండేది. అమీర్‌పేటలో ఏ గోడకు చెవి ఆనించినా అవతల ఏదో ఒక పాఠం జరుగుతూనే ఉంటుంది. వాళ్ల ఏసీ పాడై నెలన్నర పాటు కిటికీలు తెరిచి పెట్టుకున్నారు. ఆ నెలన్నరా నేను మా కిటికీ పక్కన కూర్చుని ఫీజు కట్టని విద్యార్థినయ్యాను. ప్రాజెక్టు ఎలా నడపాలో చెప్పే పాఠం అది. ఎవరికి ఏ పని ఇవ్వాలి, ఎన్ని గంటలు పడుతుంది, ఎక్కడ సమయం కారిపోతోంది, అన్నీ చెప్పేవాడు ఆ మేష్టారు. ఒక సాయంత్రం ఆయన, "ఖాళీగా పోతున్న ప్రతి నిమిషాన్నీ వెతికి పట్టుకోండి. ఇది పాఠంలో మొదటి సగం. రెండో సగం రేపు చెబుతాను, ముఖ్యమైంది అదే" అన్నాడు. మర్నాడు వాళ్ల ఏసీ బాగైంది. కిటికీలు మూసేశారు. నా చదువు అంతటితో సరి. కావాలంటే ఈ కథలో నేరమంతా ఆ ఏసీ మెకానిక్ మీదకు తోసెయ్యొచ్చు. కానీ నేను న్యాయం తెలిసినవాణ్ని.

ఇక ప్రాజెక్టు సంగతి. పంజాగుట్టలో ఒక ఆసుపత్రివాళ్లు పాత కేసు కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమని మా చిన్న కంపెనీకి ఇచ్చారు. తొమ్మిది వేల ఒక వంద ఫైళ్లు, ఇరవై ఆరు పనిరోజులు. రోజుకు మూడు వందల యాభై. శేషం లేకుండా తెగింది. శేషం రాని భాగహారం చూస్తే కొందరికి చంటిపిల్లల నవ్వు చూసినట్టుంటుంది, ఆ కొందరిలో నేనొకణ్ని. మా యజమాని ప్రసాద్ గారు నన్ను పిలిచి, "రత్నం గారూ, పన్నెండేళ్లుగా అందరి హాజరు పట్టీలూ రాస్తున్నారు. ఈసారి మీరే నడిపించండి. ఇది సరిగ్గా అయితే ఆసుపత్రివాళ్లు రెండో విడత కూడా మనకే ఇస్తారు. కాకపోతే ఈ పదకొండు మందికీ నేను వేరే పని చూపించలేను, మీరూ మళ్లీ హాజరు పట్టీలకే" అన్నారు.

అంటే నా కుర్చీ ఒక్కటే కాదు, పదకొండు కుర్చీలు నా చేతిలో ఉన్నాయి. అది గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే నేను మరిచిపోయాను.

హాల్లో మూడు బల్లలు. మొదటిది పిన్నుల బల్ల. నలుగురు కూర్చుని ఫైళ్లకున్న పిన్నులు, దారాలు పీకి కాగితాలు వరసగా పేరుస్తారు. రెండోది స్కానర్ బల్ల. అక్కడ రెండు మెషిన్లు, నలుగురు మనుషులు. మూడోది చెకింగ్ బల్ల. ముగ్గురు కూర్చుని ఏ పేషెంటు కాగితం ఎవరి ఫైల్లోకి పోయిందో చూస్తారు. పిన్నుల బల్లకు పెద్దదిక్కు సనత్‌నగర్ నుంచి వచ్చే యాదగిరి. వేలితో తడిమి పిన్ను ఎక్కడుందో చెప్పేస్తాడు. చెకింగ్ బల్లలో ఎస్తేరు గారు ఉండేవారు. ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో ఉంటారు, యాభై దాటిన మనిషి, అందరికీ ఎస్తేరక్క.

పదో రోజు శనివారం లెక్క చూస్తే మూడు వేల నాలుగు వందలు అయ్యాయి. వంద తక్కువ. వందే కదా అని మీరంటారు. మీలాంటివాళ్లే రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుతుంటారు. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని ఆ వంద ఎక్కడ కారిపోతోందా అని వెతికాను. దొరికింది. ఒంటిగంట నుంచి ఒంటిగంట నలభై ఐదు దాకా పదకొండు మందీ ఒక్కసారే లేచి భోజనాల గదిలోకి పోతున్నారు. రెండు మెషిన్లూ నోళ్లు తెరుచుకుని ఖాళీగా ఉంటున్నాయి. రోజుకు తొంభై మెషిన్ నిమిషాలు. మిగిలింది పదహారు రోజులు. గుణిస్తే పద్నాలుగు వందల నలభై నిమిషాలు, అంటే ఇరవై నాలుగు గంటలు. సరిగ్గా ఒక రోజు. భోజనాల బల్ల కింద ఒక నిండు రోజు పడి ఉంది, వంగి తీసుకునేవాడు లేడు.

నేను మాత్రం నా బల్ల దగ్గరే పెరుగన్నం తినేవాణ్ని. పదకొండు నిమిషాలు. నాయకుడు విడిగా ఉండాలని నా అభిప్రాయం. ఆ గదిలో ఏం జరుగుతుందో పది రోజుల్లో ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. మూడు వందల యాభై ఫైళ్లు రోజూ లెక్కపెట్టినవాణ్ని, ఆరడుగుల దూరంలో ఉన్న తలుపు నెట్టలేకపోయాను.

ఆ మధ్యాహ్నమే ఒక పెద్ద పట్టిక తయారుచేశాను. ప్రతి మనిషి పేరు, చేసే పని, గంటకు ఎన్ని ఫైళ్లు. చివర్లో నా సొంత తెలివితో ఒక గడి పెట్టాను. దాని పేరు "లేకపోతే?". ఈ మనిషి రాకపోతే పని ఏమవుతుంది అని. జవాబులు మూడే. ఎరుపు రంగులో "ఆగుతుంది", పసుపు రంగులో "నెమ్మదిస్తుంది", పచ్చ రంగులో "నడుస్తుంది". యాదగిరికి ఎరుపు వేశాను. ఎస్తేరక్కను గడియారం పెట్టి గమనిస్తే గంటలో పదిహేడు నిమిషాలు తన కుర్చీలో లేదు. ఆ బల్లకూ ఈ బల్లకూ తిరుగుతూ మాట్లాడుతోంది. పచ్చ రంగు వేసి "నడుస్తుంది" అని రాశాను. నా పేరు ఆ పట్టికలో లేదు. త్రాసు తనను తాను తూచుకోదు కదా.

సాయంత్రం ప్రసాద్ గారు ఫోన్ చేశారు. బంజారాహిల్స్‌లో ఒక ఆఫీసు పాత ప్లాన్లు స్కాన్ చేసే పని మనదే జరుగుతోందనీ, అక్కడ పని నడిపిస్తున్న ఫరీద్‌కు ఒక మనిషి తక్కువైందనీ, పది రోజులకు ఎవర్నైనా పంపగలనా అనీ అడిగారు. వేరే టీమ్ లీడర్ అయితే తల గోక్కునేవాడు. నేను పట్టికలో పచ్చ రంగు ఎక్కడుందో చూసి అర నిమిషంలో చెప్పేశాను. "ఎస్తేరు గారిని తీసుకోండి. ఆవిడ లేకున్నా నడుస్తుంది."

ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్లను తిడతారు లోకంలో. నేను ఏటి మధ్యలో ఉండి తగలేశాను.

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు, అందరూ వచ్చి డబ్బాలు భోజనాల గదిలో పెట్టేశాక, పట్టికను మంచినీళ్ల ఫిల్టర్ పక్కన గోడకు అంటించాను. రంగులతో సహా. దాని పక్కనే కొత్త భోజన సమయాలు. పిన్నుల బల్ల పన్నెండుంబావుకు, స్కానర్ బల్ల ఒంటిగంటకు, చెకింగ్ బల్ల ఒకటీ ముప్పావుకు. ఎవరి వంతులో వాళ్లే గదిలోకి పోవాలి. మెషిన్ల దగ్గర కూర్చోవడానికి ఏ వంతులో ఎవరో కూడా రాశాను. యాదగిరి చెయ్యెత్తాడు. ప్రశ్నలుంటే చీటీ రాసి డబ్బాలో వెయ్యమన్నాను. బిస్కెట్ల డబ్బా ఒకటి కడిగి అందుకే పెట్టాను. గురువారం గురువారం తెరుస్తానని చెప్పాను.

పన్నెండుంబావు. పిన్నుల బల్ల లోపలికి పోయింది. పన్నెండూ ఇరవైకి యాదగిరి నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"సార్, జర ఉప్పు ఉన్నదా?"

"ఉప్పెందుకయ్యా?"

"అన్నంల కలుపుకొనేటందుకు."

"కూరలో ఉప్పు తక్కువైందా?"

"కూర ఉంటే కద సార్ తక్కువయ్యేటందుకు. ఈ వారం మా బల్లది అన్నం. స్కానర్ బల్లది కూరలు. చెకింగోళ్లది పప్పు, పెరుగు, తొక్కు. అక్క శనివారమే పంచి పోయింది. మా నలుగురి తాన నాలుగు గిన్నెల అన్నమే ఉన్నది. అన్నంల అన్నం నంజుకొని తినాల్నా?"

ఇది నాకెవరైనా చెప్పారా? మీరే చెప్పండి. పది రోజులు నా కళ్లముందే డబ్బాలు మోసుకుంటూ మెట్లెక్కినవాళ్లు, ఒక్కడైనా "రత్నం గారూ, మేం బల్లకొక వంట తెస్తాం, కలిపి తింటాం" అన్నాడా? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. నాకు నాలుగు గిన్నెల మెతుకులు చూపించారు, అదీ ఉడికి చల్లారాక.

తక్షణం నాయకత్వ లక్షణం చూపించాను. "మిగతా డబ్బాలు అక్కడే ఉన్నాయి కదా, కూర తీసుకుని తినండి" అన్నాను.

యాదగిరి నన్ను పెళ్లింట్లో చెప్పులు మార్చుకుపోయేవాణ్ని చూసినట్టు చూశాడు. "మనిషి లేకుండ గిన్నె మూత ఎట్ల తీస్తం సార్?"

అది వాళ్ల కట్టుబాటు. ఎవరి గిన్నె మూత వాళ్లే తియ్యాలి, తీసి అందరికీ తామే వడ్డించాలి. ఇంటి మనిషి చేతితో పెడితేనే అన్నం, లేకపోతే దొంగతనం. నా వంతుల పద్ధతి మాత్రం కట్టుబాటు కాదట, ఉత్త కాగితమట. నలుగురూ గిన్నెల మూతలు బిగించి, బయట మెస్సుకు పోయారు.

ఒంటిగంటకు స్కానర్ బల్ల వెళ్లింది. నాలుగు గిన్నెల కూరలు: బెండకాయ, దోసకాయ, గోంగూర, కోడిగుడ్డు. ఎదురుగా నాలుగు గిన్నెల అన్నం, మూతలు బిగించి. ముట్టుకునేవాడు లేడు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. ఆ రోజు అల్లుళ్లు నలుగురు, శని ఒక్కడే, వాడు అద్దాలు పెట్టుకుని పక్క హాల్లో పెరుగన్నం తింటున్నాడు. ఒకటీ ముప్పావుకు చెకింగ్ బల్లలో మిగిలిన ఇద్దరూ పోయి, పప్పూ ఆవకాయ తొక్కూ ఎదురుగా పెట్టుకుని, పెరుగు తాగి వచ్చారు.

ఆ రోజు రెండు వందల తొంభై ఫైళ్లు.

మంగళవారం ఎవరూ డబ్బా తేలేదు. మధ్యాహ్నం అమీర్‌పేటలో మెస్సులో టోకెన్ తీసుకుని కూర్చోవడమంటే ఎలా ఉంటుందో తెలుసు కదా. కోచింగ్ సెంటర్లన్నీ ఒక్కసారే వదులుతాయి. నలభై ఐదు నిమిషాల వంతు గంటా నలభై నిమిషాలకు తిరిగొచ్చింది. ఒక వంతు రాకముందే రెండో వంతు బయల్దేరింది. మధ్యలో మెషిన్ల దగ్గర నేనే కూర్చున్నాను. నాకు స్కానర్‌లో కాగితం పెట్టడం రాదు. రెండు వందల నలభై ఒకటి.

ఆ సాయంత్రం నేను చాలా మండిపడ్డాను. ఎవరి మీద అంటే, మెస్సుల మీద. వడ్డించేవాళ్లు తక్కువ, తినేవాళ్లు ఎక్కువ, ప్రణాళిక లేదు. ఎవరింటినుంచి వాళ్లు పూర్తి భోజనం తెచ్చుకోవాలని హుకుం జారీ చేశాను.

బుధవారం అద్భుతం జరిగింది. ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకున్నారు. వంతులో పోయారు, గోడవైపు తిరిగి తిన్నారు, పద్నాలుగు నిమిషాల్లో బయటికొచ్చారు. ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. హాల్లో మెషిన్ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. సాయంత్రానికి మూడు వందల యాభై రెండు. నేను ఆ అంకె కింద రెండు గీతలు గీశాను. ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను, మనుషులను నడిపించడం పెద్ద విద్యేం కాదని, కాస్త కఠినంగా ఉంటే చాలని. ఆవిడ నా కంచంలో రెండోసారి పులుసు వెయ్యకుండా గిన్నె తీసేసింది. ఆ సూచన కూడా నాకు అందలేదు.

గురువారం ఆసుపత్రి రికార్డుల మేడమ్ తనిఖీకి వచ్చారు. ఎత్తుగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. నిన్నటి ఫైళ్లు చూపించమన్నారు. నేను సంతోషంగా చూపించాను, రెండు గీతల సంగతి కూడా చెప్పాను. ఆవిడ యాభై ఫైళ్లు అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకుని చూశారు. పందొమ్మిది తప్పు. కాగితాలు తలకిందులు. మోకాలి ఆపరేషన్ ఆయన ఫైల్లో కాన్పు కాగితాలు. ఒక అంకె మారి, చనిపోయిన పెద్దాయన నంబరు మీద బాగై డిశ్చార్జి అయిన పిల్ల.

"వెంకటరత్నం గారూ," అన్నారావిడ, "మీ మొదటి పది రోజుల పని నేను మా డైరెక్టరు గారికి చూపించి మెచ్చుకున్నాను. ఇది వేరేవాళ్లెవరో చేసినట్టుంది. సోమవారం మళ్లీ వస్తాను. ఇలాగే ఉంటే మిగతా ఫైళ్లు వెనక్కి పంపించెయ్యండి."

ఆవిడ మెట్లు దిగుతుంటే నేను లెక్కపెట్టలేదు. జీవితంలో మొదటిసారి.

యాదగిరిని పిలిచి అడిగాను, మొదటి పది రోజులూ లేని తప్పులు ఇప్పుడెక్కణ్నుంచి వచ్చాయని. అతను ఫిల్టర్ పక్కన పట్టికను ఒకసారి చూసి చెప్పాడు.

"అక్క బువ్వ తినుకుంట చెప్పేది సార్. గీ డాక్టర్ ఏడు రాస్తే ఒకటి లెక్క కనబడ్తది, చూసుకోండ్రి అని. గా మూటల పేజీలు తిరగబడ్డయి, పిన్ను తీసేటప్పుడే సదరండ్రి అని. ఎవని తప్పు వానికి కోపం రాకుండ, జర పప్పు ఏసుకుంట చెప్పేది. ఇప్పుడు చెప్పేటోళ్లు లేరు, మాకు మాట్లాడుకునే టైము సుత లేదు."

గంటలో పదిహేడు నిమిషాలు కుర్చీలో లేని మనిషి ఆ పదిహేడు నిమిషాలూ ఎక్కడుండేదో అప్పుడు తెలిసింది. సరే, గురువారం కదా అని బిస్కెట్ల డబ్బా తెరిచాను. పది చీటీలున్నాయి. పది రకాల చేతిరాతలు. అన్నింటిలోనూ ఒకే మాట: "కూర."

ఆటో ఎక్కి బంజారాహిల్స్ పోయాను. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఇరుక్కుని, ఏమని అడగాలో నాలుగు రకాలుగా కూడబలుక్కున్నాను. తీరా వెళ్లేసరికి అక్కడ భోజనాల వేళ. గుండ్రంగా కూర్చున్న ఏడుగురు, మధ్యలో గిన్నెలు, గోడకు ఒక పాత కేలండర్ కాగితం తిరగేసి అంటించి ఉంది. వచ్చి నాలుగు రోజులైంది ఎస్తేరక్క. నాలుగు రోజుల్లో నేనేం సాధించానో మీరు చూశారు.

నేను గొంతు సవరించుకునేలోపే ఆవిడ, "చెయ్యి కడుక్కోండి రత్నం గారూ. ముందు తినండి, మాట తర్వాత" అంది. కంచం పెట్టారు. ఖట్టీ దాల్ ఒకరు వేశారు, బీరకాయ ఒకరు, వేపుడు ఒకరు. ఎవరి గిన్నె మూత వాళ్లే తీశారు. నేను ముప్పై ఆరు నిమిషాలు తిన్నాను. ఇప్పటికీ అదే నా రికార్డు.

చేతులు కడిగాక ఫరీద్ భాయ్‌ని పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాను. మనిషి స్నేహితుడే, కానీ ఆ రోజు స్నేహం ఇంట్లో పెట్టి వచ్చాడు.

"మస్తు మనిషిని పంపినవ్ భాయ్. గామె వచ్చినంక మావోళ్లు లీవులు సుత పెడ్తలేరు. అక్కనైతే ఇయ్య."

"ఆవిడ మా మనిషి, ఫరీద్ భాయ్."

"మీ మనిషే. పచ్చరంగు ఏసి పంపినవ్ గద. లేకున్న నడుస్తది అని నువ్వే రాస్తివి. నడిపియ్యి మరి."

గోడకు అంటించిన పట్టికను ఎవరో ఫోటో తీసి మా కంపెనీ గ్రూపులో పెట్టారట. ఆ ఎవరో ఎవరో నాకు తెలుసు, వేలితో తడిమి పిన్ను ఎక్కడుందో చెప్పేస్తాడు. ఫరీద్‌కు పట్టికలో ప్రతి గడీ కంఠస్థం. బదులుగా ఇద్దరు మనుషుల్నిస్తానన్నాను. వద్దన్నాడు. ముగ్గురన్నాను. నవ్వాడు. చివరికి జాలిపడి అన్నాడు: "నీ తాన రెండు మెషిన్లున్నయి గద. ఒకటి మూడు రోజులు ఇయ్యి. అక్కను తీస్కపో."

మూడు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు. నా ప్రమేయం లేకుండానే నా బుర్ర గుణించేసింది. ఇరవై నాలుగు గంటలు. భోజనాల బల్ల కింద నాకు దొరికిన ఆ నిండు రోజును, ఒక్క నిమిషం తగ్గకుండా, బంజారాహిల్స్‌లో అప్పగించి వచ్చాను.

శుక్రవారం ఎస్తేరక్క వచ్చింది. వంతుల కాగితం చింపేశాను. పట్టికను కూడా చింపబోతే యాదగిరి అడ్డం వచ్చి, ఉండనియ్యమన్నాడు, చూస్తే ఆకలైతుందట. ఒంటిగంటకు పదకొండు మందీ లేచారు. ఒక్క మెషిన్ నోరు తెరుచుకుని ఖాళీగా ఉంది. నేనూ లేచాను, ఆ తలుపు నెట్టాను.

ఇక్కడి గోడకూ అలాంటి కేలండర్ కాగితమే ఉంది. ఆ కాగితాన్ని నేను దగ్గరగా చదవడం అదే మొదటిసారి. వారం పొడుగునా ఏ బల్ల ఏం తేవాలి. ఎవరికి శనివారం ఒక్కపొద్దు, ఎవరు ఈస్టరు ముందు శ్రమకాల శుక్రవారాలు ఉపవాసం ఉంటారు, ఎవరికి వంకాయ పడదు, ఎవరింట్లో పరీక్షల పిల్లలున్నారు కాబట్టి ఆ వారం వాళ్లకు తొక్కు మాత్రమే. ప్రతి పేరుకూ ఎదురుగా చివరి గడి: ఈ మనిషి రాకపోతే ఎవరు తెస్తారు అని. నేను పట్టికలో రంగులు వేశాను, ఆవిడ పేర్లు రాసింది. అడిగితే, చర్చిలో ప్రేమవిందుకు నాలుగొందల మందికి ఇలాగే రాస్తామండీ, అన్నం ఒక్కసారి కూడా తక్కువ పడలేదు అంది. నా పక్కనే, చెకింగ్ బల్లలో, నాకన్నా పెద్ద లెక్కలమనిషి కూర్చుని ఉంటే నేను ఆవిడ కుర్చీలో లేని నిమిషాలు లెక్కపెట్టాను.

సోమవారం మేడమ్ వచ్చి యాభై ఫైళ్లు తీశారు. ఒక్కటే తప్పు. ఆ ఒక్కటి కూడా, చెప్పడానికి సిగ్గుగా ఉంది, మంగళవారం నేను స్కాన్ చేసిందే.

ఇరవై ఆరో రోజు సాయంత్రం నాలుగింటికి తొమ్మిది వేల ఒక వందో ఫైలు పూర్తయింది. చెడిపోయినవన్నీ మళ్లీ చేసి, మూడు రోజులు ఒక్క మెషిన్‌తో నెట్టుకొచ్చి మరీ. రెండో విడత మాకే వచ్చింది, పదకొండు కుర్చీలూ నిలిచాయి. నా లెక్క ప్రకారం ఆ పని పూర్తి కాకూడదు. ఇప్పటికీ అప్పుడప్పుడు వేసి చూస్తుంటాను, రెండు వందల ఫైళ్లు తేడా వస్తుంది. ఎవరో నాకు చెప్పకుండా చేసేశారు. చెప్పకపోవడం వాళ్లకు అలవాటే కదా.

ఇప్పుడు అసలు అవమానానికి వస్తాను. రెండో విడత మొదలైన రోజు కొత్త కేలండర్ కాగితం గోడకెక్కింది. అందులో పన్నెండో పేరుగా నా పేరుంది. వెంకటరత్నం గారు: పెరుగు. నా గుండె ఉప్పొంగిందంటే నమ్మండి. ఒక పట్టికలో నా పేరు చూసుకోవడం అదే మొదటిసారి. వేలు పెట్టి అడ్డంగా చివరి గడి దాకా చదివాను. యాదగిరి రాకపోతే ఫలానావారు. ఫలానావారు రాకపోతే ఇంకొకరు. ఎస్తేరు రాకపోతే యాదగిరి. నా పేరుకెదురుగా మాత్రం ఎవరి పేరూ లేదు. పచ్చ స్కెచ్ పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో, ఒకే మాట: "నడుస్తుంది."

"ఏంటండీ ఇది ఎస్తేరు గారూ," అన్నాను, "అందరికీ మనుషులున్నారు, నాకెవరూ లేరేంటి?"

ఆవిడ పప్పు కలుపుతూ తల కూడా ఎత్తలేదు. "మీరు రాకపోతే కింద కొట్టులో పెరుగు పాకెట్ దొరుకుతుంది కదండీ రత్నం గారూ. దానికి మళ్లీ ఒక మనిషెందుకు?"

పన్నెండేళ్ల హాజరు పట్టీలు, ఒక ప్రాజెక్టు నాయకత్వం, నాకు బదులు అర లీటరు పాకెట్. పదకొండు మందీ కంచాల్లోకి చూస్తూ నవ్వారు. ఆ కోచింగ్ మేష్టారు రెండో సగంలో ఏం చెప్పి ఉంటాడో నాకప్పుడు అర్థమైంది. కిటికీ తెరిచి ఉన్నా ఇంత బాగా చెప్పి ఉండడు.

కాబట్టి, ఈ నవ్విన పదకొండు మంది సాక్షిగా, నా కాలిక్యులేటర్ మీద కుడిచెయ్యి ఉంచి ప్రమాణం చేస్తున్నాను. ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం ఏ మనిషి పేరుకెదురుగానూ "లేకున్నా నడుస్తుంది" అని రాయను. రాయక తప్పకపోతే, ముందు ఆ మనిషితో కూర్చుని ఒక పూట తిని, మూత ఎవరు తీస్తున్నారో చూసి, అప్పుడు రాస్తాను. భోజనాల బల్ల కింద ఇంకో రోజు దొరికినా వంగను.

ఆ ప్రమాణం ఈ ఐదేళ్లుగా తప్పలేదు. తప్పనిది ఇంకొకటి కూడా ఉంది. రోజూ పెరుగు డబ్బా పట్టుకుని ఆ యాభై నాలుగు మెట్లూ ఎక్కుతున్నాను. జ్వరమొచ్చినా ఎక్కాను, మా బావమరిది పెళ్లినాడూ ముహూర్తం కాగానే వచ్చి ఎక్కాను. ఐదేళ్లలో ఒక్క సెలవు పెట్టలేదు. నా క్రమశిక్షణ చూసి ప్రసాద్ గారు అందరికీ నన్ను ఉదాహరణగా చెబుతుంటారు. క్రమశిక్షణా కాదు, పాడూ కాదు. ఒక్కరోజు మానేస్తే, పాకెట్‌తో నిజంగానే నడుస్తుందని తేలిపోతుందేమోనని భయం.